విద్యాదానమునకు పాత్రుడెవడు?

జనగామ జిల్లా పాలకుర్తి మండలమున వల్మిడి యను గ్రామము కలదు. వాల్మీకి మహర్షి తపమొనర్చిన స్థలమదియేయని అచ్చటి ప్రజల విశ్వాసము. గుట్టపై సీతారామచంద్రస్వామి కొలువై యున్నాడు. వాల్మీకి ఆశ్రమమనగానే కుశలవుల విద్యాభ్యాసము స్మరణకు వచ్చును. ఆ ఆశ్రమముననే చదువు సాగక వెడలిపోయిన విద్యార్థిని యొకతె కలదని తలచువారు తక్కువ. భవభూతి ఉత్తరరామచరిత ద్వితీయాంకమున ఆమెను ప్రవేశపెట్టినాడు. పేరు ఆత్రేయి. అసాధారణ మేధావులైన ఆ బాలురతో సమముగా చదువుట తనవంటివారికి సాధ్యము కాలేదనియు, గురువునకు రామాయణ రచనయందే మనస్సు లగ్నమైనదనియు చెప్పి, ఆమె అగస్త్యాది మహర్షుల సన్నిధికై దండకారణ్యమునకు పోవుచున్నది.

గురువు చురుకైన శిష్యునకును మందునకును ఒక్క తీరుననే బోధించునని, మణి ప్రతిబింబమును గ్రహించునే గాని మట్టిగడ్డ గ్రహింపదని ఆమెచేతనే కవి పలికించినాడు. ఈ ఉపమానమును పండితులు తఱచుగా ఉదాహరింతురు. దీనిని పట్టుకొని, అక్షరము రాని పిల్లవానిని మట్టిగడ్డయని నిర్ణయింపవచ్చునా? ఆ మాట పలికిన ఆత్రేయి చదువు మానలేదు గదా! మఱియొక గురువును వెదకికొనుచు అడవులు దాటి పోయినది. మట్టిగడ్డ అట్లు నడువదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతములు పూర్వము వరంగల్లు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న వేఱు జిల్లాలైనవి. మహబూబాబాదు తండాలలో ఇంటిభాష లంబాడీ. భూపాలపల్లి అటవీ గ్రామములలో కోయలు కలరు. బడిలోని భాష తెలుగు. తెలుగింటి బిడ్డ 'చె', 'ట్టు' అని కూడబలుకుకొనగానే చెట్టు మనస్సున మెదలును. తప్పు చదివినచో తానే దిద్దుకొనును. ఆ మాటను ఇంట విననే వినని బిడ్డకు ఆ ఆధారము లేదు. అక్షరములన్నియు వచ్చియు మాట చేతికి చిక్కదు. దీనిని మందబుద్ధి యనుట అన్యాయము. తెలివి చక్కగా నుండియు చదువుటయందు మాత్రమే ఇబ్బందిపడు పిల్లలును కలరు. అట్టి లోపమును 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సైతము గుర్తించినది. పత్తి తీయు దినములలో, మిరప కోయు దినములలో తల్లిదండ్రులు తెల్లవారకమునుపే కూలికి పోవుదురు. రాత్రి వచ్చి పిల్లవాని పుస్తకము తెఱచినను, అందేమున్నదో వారికి తెలియదు.

ఇది ఈ మూడు జిల్లాల బాధ మాత్రమే కాదు. 2024లో దేశమందలి గ్రామసీమలలో జరిగిన 'అసర్' పరిశీలనలో, మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు నూటికి సుమారు 27 మందియే. తెలంగాణ ప్రభుత్వము 2022లో ప్రాథమిక పాఠశాలలయందు 'తొలిమెట్టు' కార్యక్రమమును ఆరంభించినది. బడి తన ప్రయత్నము తాను చేయుచున్నది. బడి విడిచిన పిదప సాయంకాలము మాట యేమి? డబ్బున్నవానికి ట్యూషను కలదు. కూలివాని బిడ్డకు?

"వీనికెంత చెప్పినను రాదు, అపాత్రదానము" అని కొందఱందురు. దానమునకు దేశము, కాలము, పాత్రము చూడవలెనని శాస్త్రమే చెప్పుచున్నదని వారి వాదము. ఇది పైకి యుక్తముగానే తోచును. కాని దేవాలయ అన్నదానమున విస్తరి ముందు కూర్చున్నవానిని ఎవడు పరీక్షించును? ఆకలియే అచ్చట అర్హత. అక్షరమునకు అక్షరము రాకపోవుటయే అర్హత కావలదా? అదియుగాక, మనుష్యుడు మూడు ఋణములతో జన్మించునని వేదము చెప్పుచున్నది. అందు ఋషిఋణ మొకటి. చదివి తీర్చుకొనవలసిన ఆ ఋణము, చదివినది తనలోనే దాచుకొన్నచో తీరునా? సాయంకాలమొక బిడ్డకు గుణింతము దిద్దించువాడు దాతననుకొనుటకంటె ఋణస్థుడననుకొనుట మేలు. దాతకు పాత్రమును ఎంచుకొను స్వేచ్ఛ కలదు. బాకీపడినవాడు ఎవరికి చెల్లింతునాయని ఎంచుకొనలేడు.

ఇందొక ధర్మసంకటము కలదు. పిల్లవాడు ఇంటిపని తెచ్చును. ఐదవ తరగతి ప్రశ్నలు, చదువ వచ్చినది ఒత్తులు లేని మాటలు మాత్రమే. సాయము చేయువాడు జవాబులు చెప్పి వ్రాయించినచో నోటుపుస్తకము నిండును, మఱునాడు దెబ్బలు తప్పును, బిడ్డ సంతోషించును. చదువు మాత్రము నిన్న నున్నచోటనే యుండును. ఆ నిండిన పుట ఉపాధ్యాయునకు చెప్పిన అబద్ధమే యగును. కరుణతో చెప్పినను అబద్ధమే. ఇంటిపని విడిచి గుణింతము పట్టించినచో బిడ్డ బడిలో తలవంచుకొనవలసి వచ్చును. మొదటి అరగంట ఒత్తులకు, బిగ్గరగా చదువుటకు. పిదప ఇంటిపనిలో బిడ్డ తనంతట చేయగలిగినంత మట్టుకే. మిగిలినది ఖాళీగా విడిచి, ఏల విడిచినదో ఉపాధ్యాయునకు తెలుపుట ఉచితము. ఆ ఖాళీని చూచి కోపింపకుండుటకు ఉపాధ్యాయునకును ఓర్పు కావలెను.

వల్మిడి ఉన్న మండలముననే పోతన పేరుతో ముడివడిన బమ్మెర గ్రామము కలదు. ఆయన తెనిగించిన సప్తమస్కంధమున గురువులు ఇంటిపనులకై పోయిన వేళ తోటి బాలురు ప్రహ్లాదుని ఆటకు పిలుతురు. అతడు వారిని దగ్గఱకు చేర్చుకొని తానెఱిగినది చెప్పును. చెప్పినది హరిభక్తియే గాని గుణింతము కాదు, నిజమే. ఐనను ఆ వేళయు, ఆ వరుసయు గమనింపదగినవి. గురువులు లేని వేళ అది. చెప్పువాడును వినువారును ఒక్క యీడువారు. బెత్తము లేదు, పరీక్ష లేదు. నేడును ఏడవ తరగతి బాలిక మూడవ తరగతి బాలునకు, లంబాడీ మాట వచ్చిన అక్క తన తండా తమ్మునికి, పెద్దలకంటె సులభముగా మాట విడమఱచి చెప్పగలదు. పల్లెలలో దేవాలయ మండపములు బడి విడిచిన వేళనుండి దీపారాధన వఱకు తఱచుగా ఖాళీగానే యుండును. పిల్లలకు కావలసినది నాలుగు చాపలు, ఒక నల్లబల్ల, ప్రతిదినమును తప్పక వచ్చు ఒక మనిషి.