ఒక్క పూట పువ్వు, తెగని సంతానం

జపాన్‌లో ఎండాకాలం చివరి రోజుల్లో విరివిగా పూసే అసగావో, తెల్లవారుజామున విచ్చి ఎండ ముదిరేలోగా ముడుచుకుపోతుంది. ‘ఉదయపు ముఖం’ అని అర్థమిచ్చే పేరు గల ఈ తీగ, తెలుగువారు వండుకునే తూటికూరకూ చిలగడదుంపకూ దగ్గరి చుట్టం. ఇంతటి అల్పాయువును ఏళ్ల తరబడి సాకడం, బంగారు రేకు మీద చిత్రించడం అనిత్యతను అంగీకరించడమా, ధిక్కరించడమా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

ఉన్నదంతా క్షణక్షణమూ నశిస్తుందనే బౌద్ధుల క్షణభంగవాదం, కొనసాగింపును ‘సంతానం’ అనే మాటతో వివరించింది. తెలుగులో బిడ్డలనే అర్థంలో స్థిరపడిన ఈ పదానికి ఆ దర్శనంలో, ఒక క్షణం మరుక్షణానికి కారణమవుతూ సాగే ప్రవాహమని అర్థం. బౌద్ధ గ్రంథమైన ‘మిలిందపన్హ’లో నాగసేన భిక్షువు రాత్రంతా వెలిగే దీపాన్ని ఉదాహరించి, తొలిజాము జ్వాల, కడజాము జ్వాల ఒకటీ కావు, వేరూ కావు అని మిలిందరాజుకు బోధించిన భావం ఇదే.

అసగావో పెంపకంలోనూ ఇలాంటి ప్రవాహమే కనిపిస్తుంది. నేడు టోక్యోగా పిలిచే ఎడో నగరంలో, 19వ శతాబ్ది తొలినాళ్లలో వింత రేకుల అసగావోలను కుండీల్లో పెంచడం గొప్ప వ్యాపకంగా వ్యాపించింది. ముద్దపూలలో కేసరాలూ అండకోశమూ రేకులుగా మారిపోతే విత్తనం కట్టదు. అందువల్ల పెంపకందారులు ఆ లక్షణాన్ని లోపల దాచుకుని పైకి మామూలుగా కనిపించే తోబుట్టువు మొక్కల గింజలను ఏరి మరుసటి ఏడు విత్తేవారు. మెండెల్ 1866లో వారసత్వ సూత్రాలను ప్రచురించడానికి ఎన్నో ఏళ్ల ముందే, అందగించిన పువ్వు వంశం అందం లేని మొక్క ద్వారా నిలుస్తుందని వారు అనుభవంతో గ్రహించారు.

చిత్రకళలోనూ సంతానం ఇలాగే సాగింది. చిత్రకారుడు ఒగాతా కోరిన్ (1658–1716) కన్నుమూసిన తర్వాత పుట్టిన సకాయ్ హోఇత్సు (1761–1828) ఆయన చిత్రాలనే గురువుగా భావించి అభ్యసించగా, హోఇత్సు శిష్యుడు సుజుకీ కీఇత్సు (1796–1858) జంట తెరల మీద, నేలా పందిరీ చూపకుండా, బంగారు వెలుగులో నీలి అసగావోలను అల్లాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఆ తెరల్లో కనిపించే పూలలో ఏ ఒక్కటీ ఆనాటి మధ్యాహ్నం దాటి బతికి ఉండదు.

కాబట్టి పెంపకమూ చిత్రణా మరణాన్ని కాదనే పనులు కావు. పోయేదాన్ని పోనిస్తూ, దాని తర్వాతి క్షణానికి కారణమయ్యే బాధ్యతను స్వీకరించే సాధనలు. ఆ సాధనకు తొలి పరీక్ష, అందం లేదని సాదా మొక్కను పీకివేయకుండా ఆపుకునే చేతిదే.