ముందు తిరుగు బస్సు

ఫోన్‌లో పరిచయమైన స్నేహితులంతా హైదరాబాద్ నుమాయిష్ ప్రదర్శనలో కలుద్దామనుకుంటే, మొదట తేల్చుకోవాల్సింది ఏం చూడాలన్నది కాదు, ఇల్లెలా చేరాలన్నది. అమీర్‌పేట మిత్రుడికి రాత్రి పదింటికీ మెట్రో ఉంటుంది. బచ్చన్నపేట వాళ్లు జనగామలో దిగినా ఊరి బస్సు దొరకాలి కదా! ఖర్చూ అంతే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్. విజయవాడ నుంచి వచ్చే స్నేహితురాలికి చార్జీ తప్పదు. అందరం సమానంగా వేసుకుందామంటే న్యాయం ఎక్కడ కుదురుతుంది? స్నేహంలో లెక్కలేమిటంటారు. ఆ లెక్క నోరు తెరిచి అడగలేకే కొందరు తెల్లారితే ప్రయాణమనగా ‘జ్వరమొచ్చింది’ అని మెసేజ్ పెడతారు. ముఖం చూడనివాళ్లను నమ్మేదెలా అన్న భయం మాత్రం సబబే. అందుకే 1938లో మొదలైన నుమాయిష్ జరిగే, జనవరి వస్తే జనంతో కిటకిటలాడే ఆ నాంపల్లి మైదానం ఏ హోటల్ గదికన్నా మేలు. గేటు దగ్గర తోపులాట కాబట్టి, గాంధీభవన్ మెట్రో మెట్ల కింద కలుసుకోండి.