యాత్రామార్గమున జీవకారుణ్యము

ధర్మము గృహమునందును దేవాలయమునందును మాత్రమే ఆచరింపదగినది కాదు. దారిలో సైతము ఆచరింపదగినది. ఇల్లు విడిచిన అడుగు మొదలు తిరిగి ఇల్లు చేరు అడుగు వరకు యాత్రయే అని పెద్దల భావము. నేడు ఆ అడుగుల స్థానమున చక్రములు వచ్చినవి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. వృద్ధులకు, రోగులకు, పసిబిడ్డల తల్లులకు ఈ దారులు స్వామి అనుగ్రహమే. అయితే పాదములు చేయని హానిని చక్రములు చేయగలవు. మన వాహనము క్రింద పడి ఒక ప్రాణి మరణించినది. చంపవలెనను తలపు మనకు లేదు. అట్టిచో ఆ మరణమునకు మనము బాధ్యులమా?

“దాని ఆయువు తీరినది, మనమేమి చేయగలము?” అని చాలమంది సమాధానపడుదురు. శాస్త్రము మనలను ఇంత సులభముగా విడిచిపెట్టలేదు. గృహస్థుని ఇంట పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీటికుండ అను ఐదును హింసాస్థానములని మనుస్మృతి చెప్పుచున్నది. వీనికే పంచసూనలని పేరు. చీమను చంపవలెనని ఏ ఇల్లాలును పొయ్యి వెలిగింపదు. అయినను ఆ హింస ఋణమే యనియు, దానిని పంచమహాయజ్ఞములచే తీర్చుకొనవలెననియు విధించిరి. నేటి గృహస్థునకు వాహనము ఆరవ సూన యనుట తప్పు కానేరదు.

శ్రీమద్రామాయణమున దశరథుని వృత్తాంతము ఈ విషయమును మరింత స్పష్టము చేయుచున్నది. యువరాజుగా నున్నపుడు ఆయన సరయూతీరమున చీకటిలో శబ్దమును విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి బాణము విడిచెను. తగిలినది కుండలో నీరు నింపుచున్న మునికుమారునకు. రాజు ఆ బాలుని చంపదలచలేదు. అయినను ఫలము తప్పలేదు. దోషము ఎచ్చట నున్నది? బాణము తగిలిన క్షణమున కాదు. కనబడని దానిపై బాణము సంధించిన క్షణమున. తన దీపపు వెలుగు పడునంత దూరములో బండిని ఆపలేని వేగముతో రాత్రివేళ నడుపువాడు చేయునదియు ఇదియే. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వాహనము ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకును చేరులోపలనే అంత దూరము గడచిపోవును. వేగము రెట్టింపైనచో, బ్రేకు పట్టిన పిదప ఆగుటకు వలయు దూరము నాలుగు రెట్లగును.

ఇచ్చట ఒక ఆక్షేపణ గలదు. “కుక్క అడ్డము వచ్చినదని హఠాత్తుగా బ్రేకు వేసినచో వెనుక వచ్చు బస్సులోని వారి గతి యేమి?” ఇది నిజమైన ధర్మసంకటమే. లోయ ప్రక్కన బండిని ఒక్కసారిగా మలుపుట దయ కాదు, తనవారిని ప్రమాదమున త్రోయుట. ఆ క్షణమున మనుష్యుల ప్రాణరక్షణకే ముందు స్థానము. కాని ఆ క్షణము వచ్చిన పిమ్మట మనకు మిగిలినవన్నియు హింసామార్గములే అని గమనింపవలెను. కనుక ధర్మమును పాటింపవలసినది అంతకు ముందే. వేగమును అదుపులో నుంచుకొని, ముందు బండికి తగినంత ఎడము విడిచి నడుపువానికి అట్టి సంకటము అరుదుగా గాని రాదు.

ఈ దృష్టితో చూచినచో రహదారి మర్యాదయు జీవకారుణ్యమును ఒక్కటియే యని తెలియగలదు. పెద్ద రహదారిపై కుడి వరుస దాటిపోవువారి కొరకు ఏర్పడినది. నిదానముగా పోవుచు దానినే పట్టుకొని విడువనివాడు వెనుకవానికి విసుగు పుట్టించును. విసిగినవాడు ఎడమప్రక్కనుండి దూసుకొనిపోవును. ఆ ఎడమప్రక్కననే మేకలమంద యుండును, కాలినడకన కొండకు పోవు భక్తబృందము ఉండును. ఎదుటివాని కన్నులు చెదరునట్లు పెద్ద దీపము వేయుటయు ఇట్టిదే. దానివలన ఎదుటి చోదకుడు క్షణకాలము అంధుడగును. దారి దాటు కుందేలు కదలక నిలిచిపోవును. నిటారు కొండదారులలో, ఎక్కుచున్న వాహనమునకు దిగుచున్న వాహనము దారి ఇయ్యవలెనని 2017 నాటి చోదక నిబంధనలు చెప్పుచున్నవి. భారముతో పైకి పోవువానికి తొలగి దారి ఇచ్చుట చట్టము మాత్రమేనా? వైష్ణవలక్షణము కాదా!

చేతనాచేతనములన్నియు భగవంతుని శరీరమని శ్రీరామానుజుల సిద్ధాంతము. శేషాచలము ఆదిశేషుని అవతారమని మన విశ్వాసము. ఆ కొండపై బుట్టిన ప్రాణిని ఎట్లు తక్కువగా చూడగలము? కులశేఖరాళ్వారు రాజభోగములను కాదని, కోనేటి కొంగగానో, కొండ సెలయేటి చేపగానో, సంపెంగ చెట్టుగానో, స్వామి గడపగానో పుట్టవలెనని కోరుకొనిరి. గర్భాలయపు గడప నేటికిని కులశేఖరపడి అని పిలువబడుచున్నది. ఆ గడపకు నమస్కరించు మనము, ఆళ్వారులు కోరిన జన్మనే పొందిన జీవులపై చక్రములను నడుపవచ్చునా? ఈ అడవి 1989లో జాతీయవనముగను, 2010లో శేషాచల జీవావరణముగను ప్రకటింపబడినది. ఇందు దుప్పులు, చిరుతలు, ఉడుములు, మెల్లగా కదలు దేవాంగపిల్లులు నివసించుచున్నవి. చల్లని రాత్రులలో పాములు తారురోడ్డు నిలుపుకొనిన వేడిమికై దానిపైకి వచ్చును.

వేగమునకు కళ్ళెము వేయుటకై ఘాట్ రోడ్డుపై కనీస ప్రయాణకాలమును నిర్ణయించిరి. కొందరు వేగముగా పోయి, తనిఖీ ద్వారమునకు ముందు బండి నిలిపి మిగిలిన నిమిషములు గడుపుదురు. వారు మోసగించినది ఎవరిని? బండి ఆపి కోతులకు పండ్లు విసరుట పుణ్యమని కొందరి భ్రమ. ఆ తిండి రుచి మరగిన కోతి మరునాడును రోడ్డుపైకే వచ్చును. చక్రము క్రింద పడును. మరణమును దగ్గరకు పిలుచు దానము దానమగునా?

నియమమును మనసార పాటించినచో ఫలము కనబడును. నల్లమల పులుల అభయారణ్యము గుండ శ్రీశైలమునకు పోవు దారిలో రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు వాహనములను ఆపుదురు. హైదరాబాదు నుండి నాగపురము మీదుగా కాశికి పోవువారు పెంచ్ అడవి చెంత 44వ జాతీయ రహదారిపై ఎత్తుగా కట్టిన వంతెనలను చూడగలరు. వాని క్రిందుగా పులులు, జింకలు నిర్భయముగా దాటిపోవుచున్నవి. ప్రభుత్వము వంతెన కట్టగలదు. ఓర్పును మాత్రము మనమే అలవరచుకొనవలెను.

ఎంత జాగరూకత వహించినను ఎప్పుడో ఒక ప్రాణి మన బండికి తగులవచ్చును. అప్పుడు తొలగిపోవుట తగదు. శ్రీరామచంద్రుడు నేలకొరిగిన జటాయువును విడిచి ముందుకు సాగలేదు. సీతాన్వేషణ వంటి త్వరలో సైతము ఆగి, ఆ పక్షికి తండ్రికి వలె అంత్యక్రియలు జరిపెను. మన త్వర అంతకంటె గొప్పదా? సురక్షితమైన చోట బండి నిలిపి, ప్రాణముండిన నీరు, చికిత్స అందునట్లు చూడవలెను. వన్యమృగమైనచో దగ్గరకు పోక అటవీశాఖవారికి తెలుపవలెను. చిన్నప్రాణి మరణించినచో, రాకపోకలు లేని సమయము చూచి ప్రక్కకు తొలగింపవలెను. లేనిచో ఆ కళేబరమునకై వచ్చు గ్రద్దలు, నక్కలు, కుక్కలు అచ్చటనే బలియగును.

స్వామి దర్శనము అర్ధగడియ ఆలస్యమైనంత మాత్రమున తరిగిపోవునది కాదు. తన బిడ్డలలో నొకరిని తొక్కివచ్చినవాని నమస్కారముకంటె, ఆగి దారి ఇచ్చి ఆలస్యముగా వచ్చినవాని నమస్కారమే శ్రీనివాసునకు ప్రీతికరమగుననుటలో సందేహము లేదు. మన చక్రములను నడుపుబుద్ధిని ఆ చక్రధారియే మనకు ప్రసాదించుగాక!