ఇంకొకళ్ళకి చోటు

మొన్న కాకినాడలో అమలాపురం బస్సెక్కాను. సీటైతే దొరికింది గానీ, నా పాదాల మీద ఎవరిదో వంకాయల గంప, భుజం మీద పక్కావిడ మనవడి నిద్ర. అయినా కండక్టరు ఊరుకోడే! "జరగండమ్మా, లోపలికి జరగండి. ఇది పుష్పక విమానం. ఎంతమందెక్కినా ఇంకొకళ్ళకి చోటుంటుంది" అని ఒకటే కేకలు.

నవ్వుకుంటూ చేతిలో పేపరు విప్పానో లేదో, అందులోనూ విమానమే. ప్రధానమంత్రిగారు ఏదో దేశంలో దిగుతూ చెయ్యూపుతున్నారు. వెనకాల తెల్లటి విమానం, దాని మీద నాగరి లిపిలో 'భారత్' అని. అటువంటివి రెండున్నాయి మనకి, 2020లో వచ్చాయి. బోయింగ్ 777 రకం. మామూలుగా మూడు వందల మందికి పైగా పట్టే విమానాన్ని రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి ప్రయాణాల కోసం లోపలంతా మార్చి కట్టారు. క్షిపణి వస్తే తప్పించుకునే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. రెండింటికీ కలిపి సుమారు 8,400 కోట్లయిందని అప్పట్లో పేపర్లు రాశాయి. అంతకుముందు పెద్దలు దూరదేశాలకి వెళ్ళాలంటే ఎయిరిండియా జంబో జెట్టునే వాడేవారు.

ఆ కోట్ల సంగతి మొదటిసారి చదివిన రోజున మా ఇంట్లో పెద్ద రభసే జరిగింది. "ఇంత పేద దేశానికి ఇదేం సోకు?" అని నేను. "మీ చెల్లెలి పెళ్ళికి నువ్వు టాక్సీ మాట్లాడలేదూ?" అని మావారు. దేశం లెక్కల్లోకి మన పుట్టింటిని లాగకపోతే ఈ మగవాళ్ళకి తోచదు కదా!

రామాయణంలో పుష్పకం కథ మీకు తెలిసిందే. అసలది కుబేరుడిది. రావణుడు బలవంతాన లాక్కున్నాడు. యుద్ధం అయ్యాక రాముడు వానరుల్నీ, విభీషణుణ్ణీ, అతని పరివారాన్నీ ఎక్కించుకుని అందులోనే అయోధ్యకి బయల్దేరాడు. కిష్కింధ మీదుగా పోతూంటే సీతమ్మ ఒక్కమాట అడిగింది, తారనీ మిగతా వానర స్త్రీలనీ కూడా తీసుకెళదామని. విమానం ఆగింది. ఆడవాళ్ళందరూ ఎక్కారు. అంతమంది మగవాళ్ళలో ఒక్కరికీ తోచని సంగతి ఆవిడకి తోచింది చూశారూ? తీరా నందిగ్రామంలో దిగగానే, ఇంకా పట్టాభిషేకమైనా కాకుండానే, రాముడు ఆ విమానాన్ని కుబేరుడి దగ్గరికి పంపేశాడు. (తర్వాత కుబేరుడే దాన్ని మళ్ళీ రాముడి దగ్గరికి పంపాడని ఉత్తరకాండ చెబుతుంది. అది వేరే సంగతి.)

అమెరికా అధ్యక్షుడి విమానాన్ని 'ఎయిర్ ఫోర్స్ వన్' అంటారని పిల్లలకి కూడా తెలుసు. కానీ అది ఏ ఒక్క విమానం పేరూ కాదు. అధ్యక్షుడెక్కిన వైమానికదళం విమానం ఏదైనా సరే, ఆయన అందులో ఉన్నంతసేపే దాన్ని అలా పిలుస్తారు. మామూలు పీటే, పెళ్ళికూతురు కూర్చుంటే పెళ్ళిపీట అయినట్టు. 1974 ఆగస్టు 9న నిక్సన్ పదవి వదులుకుని కాలిఫోర్నియాకి బయల్దేరాడు. విమానం గాల్లో ఉండగానే, మధ్యాహ్నం పన్నెండు దాటాక, వాషింగ్టన్‌లో ఫోర్డ్ ప్రమాణం చేశాడు. అంతే. పైలట్ రేడియోలో కింది వాళ్ళతో మాట్లాడి విమానం పేరు మార్పించుకున్నాడు. అదే విమానం, అదే మనిషి. పేరు మాత్రం దారిలోనే రాలిపోయింది. ఆ విమానంలోనే ఉన్న ఆయన భార్య మనసులో ఏమనుకుందో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

అలా చూస్తే విమానం మనిషిది కాదు, పదవిది. మరి దాని మీద నాకెందుకీ కంటగింపు అని ఆలోచిస్తూండగానే, యానాం దాటి బస్సు గౌతమి మీది వారధి ఎక్కింది.

ఈ వారధికి బాలయోగిగారి పేరు పెట్టారు. ఆయన పుట్టింది అవతలి ఒడ్డున, ఎదుర్లంకలోనే. నా చిన్నతనంలో ఇక్కడ దాటాలంటే పంటే గతి. పంటు అవతల ఉందంటే నొప్పులు పడే మనిషైనా, ముహూర్తం ముంచుకొచ్చే పెళ్ళివారైనా ఇవతల గట్టున కూర్చోవలసిందే. ఆ ఊళ్ళో పుట్టినవాడికి వారధి విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి ఆయన లోక్‌సభ స్పీకరయ్యారు. 2002 మార్చి 3న, ఆదివారం పొద్దున్న, భీమవరం నుంచి ఓ చిన్న ప్రైవేటు హెలికాప్టర్లో హైదరాబాదు బయల్దేరితే, అది కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలిపోయింది. ఆయనా, అంగరక్షకుడూ, పైలట్టూ ముగ్గురూ పోయారు. ఆయనకి యాభై ఏళ్ళే. ఆ రోజు మా వీధిలో పొయ్యి వెలిగించిన ఇల్లు లేదు. మళ్ళీ ఏడేళ్ళకి, 2009 సెప్టెంబరు 2న, ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు నల్లమలలో అలాగే పోయారు. 1977 నవంబరు 4న మొరార్జీ దేశాయ్‌గారి విమానం అస్సాంలో జోర్హాట్ దగ్గర కూలినప్పుడు ఆయన బతికారు గానీ, విమానం నడిపే వైమానికదళం వాళ్ళు అయిదుగురూ చనిపోయారు. ఆ విమానం పేరేమిటనుకున్నారు? పుష్పక్.

ఇంకేమనను? మంచి విమానం ఇవ్వాల్సిందే. ఇంట్లోంచి బయల్దేరిన మనిషి ఇంటికి తిరిగి రావాలి, ఎక్కినవాళ్ళూ, నడిపేవాళ్ళూ కూడా. డబ్బు గురించి మావారితో వేసుకున్న పేచీని వెనక్కి తీసుకుంటున్నాను. ఆయనకి మాత్రం చెప్పకండి.

అయితే నా కంటగింపు డబ్బు గురించి కాదు. అది 1986 నాటిది.

ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. మా అత్తవారి లంకలో ఒక్క మేడ ఉంటే, దాని మీద నలభై మందిమి చేరాం. మూడోరోజున హెలికాప్టరొచ్చి పులిహోర పొట్లాలు వేసింది. సగం నీళ్ళపాలయ్యాయి, ఒకటి నా ఒళ్ళో పడింది. ఆకాశానికి దణ్ణం పెట్టాను. ఇప్పటికీ పెడతాను. ఆ సాయంత్రం ఇంకో హెలికాప్టరొచ్చింది. అది పొట్లాలు వెయ్యలేదు. ఎవరో పెద్దాయన వరద చూడటానికి వచ్చారన్నారు. రెండు చుట్లు తిరిగింది, పిల్లలు చేతులూపారు, వెళ్ళిపోయింది.

పైనుంచి ఆయనకి ఏం కనబడి ఉంటుంది? కొబ్బరి మొవ్వులూ, ఎర్రనీళ్ళూ, ఊగుతున్న చేతులూ. ఆ మేడమీద పాతికమంది ఆడవాళ్ళం మరుగన్నది లేక, చీకటి పడేదాకా గుక్కెడు మంచినీళ్ళైనా తాగకుండా బిగబట్టుకు కూర్చున్నామని ఎలా కనబడుతుంది? చివరికి మా అత్తగారే తన పాత చీర విప్పదీసి ఓ మూలకి అడ్డం కట్టించింది. ముగ్గురు పట్టుకుంటే ఒకళ్ళు, అలా వంతులు. ఆయన పక్క సీట్లో మా అత్తగారి లాంటి మనిషి ఒక్కర్తి కూర్చుని ఉంటే, మర్నాడు పులిహోరతో పాటు నాలుగు దుప్పట్లు కూడా పడేవి. ఆ సీటు ఖాళీగా ఉందో, ఎవరైనా ఆఫీసరుగారు కూర్చున్నారో నాకు తెలీదు.

బస్సు ఎదుర్లంకలో ఆగింది. ఓ బాలింత, చేతిలో పసిగుడ్డుతో మెట్టు మీద నిలబడి లోపలికి చూస్తోంది. కండక్టరు మళ్ళీ పుష్పక విమానం అందుకున్నాడు. అతను పూర్తి చెయ్యకముందే వంకాయలావిడ గంప తీసి ఒళ్ళో పెట్టుకుని, "రామ్మా, రా" అంది. నేను కిటికీ వైపు జరిగాను.