అన్న ఫోను, తమ్ముడి సొరుగు

కొండపల్లి బొమ్మల కాలనీలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. పక్కపక్క ఇళ్లు, ఒకటే పని. తెల్ల పొణికి కర్ర తెచ్చి, చెమ్మ పోయేదాకా వేడి చేసి, ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి రంగులు దిద్దేవారు. అంబారీ ఏనుగంటే అన్నే చెయ్యాలనేవారు. దశావతారాల ముఖాలు దిద్దాలంటే తమ్ముడి కుంచే కావాలనేవారు.

అన్నకు వస్తువు పారేయడం గిట్టదు. తండ్రి వాడిన ఉలులే ఇప్పటికీ వాడతాడు. ఏనుగు తొండం విరిగిందని ఎవరైనా తెస్తే డబ్బు తీసుకోకుండా అతికిస్తాడు. అతని ఫోను 2016లో కొన్నది. మూల పగిలింది, బ్యాటరీ రెండుసార్లు మారింది, అయినా మోగుతుంది, ఫొటో తీస్తుంది, డబ్బులొస్తే చెబుతుంది. మార్చమని ఎవరన్నా అంటే ఆయన జవాబు ఒక్కటే. "నేను చేసిన ఏనుగు ముప్పై ఏళ్లుగా ఒకరింట్లో కొలువులో నిలబడుతోంది. ఏడాదికో ఏనుగు కొనండని నేనెవరికైనా చెప్పానా?"

తమ్ముడిది వేరే తీరు. దసరాకో దీపావళికో కొత్త మోడల్ దిగిందంటే పాతది బల్ల సొరుగులోకి పోయేది. మూడు కెమెరాలున్నది వచ్చింది, తర్వాత నాలుగున్నది వచ్చింది. తీసే ఫొటోలు మాత్రం అవే బొమ్మలవి, పంపే కొనుగోలుదారులూ వాళ్లే. ఒక వాయిదా తీరకముందే ఇంకో వాయిదా మొదలయ్యేది. ఆ ఏడు వేసవిలో ఊళ్లోకి మంచి పొణికి దిగితే కొనడానికి చేతిలో డబ్బు లేకపోయింది. అన్న ఏడాదికి సరిపడా కొని అటక మీద పెట్టుకున్నాడు.

అన్న ఫోనులో మార్పు మెల్లగా వచ్చింది. ఏదైనా సైటు తెరిస్తే ముందు ఒక హెచ్చరిక వచ్చేది, మీ కనెక్షన్ ప్రైవేటుగా లేదని. మొదట్లో భయపడి మూసేసేవాడు. తర్వాత అన్ని చోట్లా అదే రావడంతో కింద ఉన్న చిన్న అక్షరాలు నొక్కి ముందుకెళ్లడం నేర్చుకున్నాడు. నెల తిరిగేసరికి ఆ హెచ్చరికను చదవడమే మానేశాడు. ప్రమాదం అక్కడే మొదలైందని నేనంటాను. డబ్బు పోయింది తర్వాత.

ఆ పైన బ్యాంకు యాప్ మొరాయించింది. ఈ వెర్షన్‌లో ఇక పనిచెయ్యదంది. సెల్ షాపు కుర్రాడు సాయం చేశాడు. ప్లే స్టోర్‌లో దొరకని పాత యాప్‌ను ఎక్కడినుంచో దించి, సెట్టింగ్స్‌లో 'అన్‌నోన్ సోర్సెస్' అనే స్విచ్ వేసి, ఎక్కించి ఇచ్చాడు. యాప్ నాలుగు రోజులు నడిచి మళ్లీ ఆగింది. స్విచ్ మాత్రం అలాగే ఉండిపోయింది. అలాంటిదొకటి ఉందని కూడా అన్నకు తెలియదు.

ధనుర్మాసం వచ్చింది. సంక్రాంతి కొలువుల ఆర్డర్లు జోరుమీదున్నాయి. ఒక రాత్రి అన్నకు వాట్సాప్‌లో సందేశం. "రెండొందల అంబారీ ఏనుగులు కావాలి. రంగులు, కొలతలు ఈ ఫైల్లో ఉన్నాయి. తెరిచి వివరాలు నింపితే అడ్వాన్సు వేస్తాం." ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంది. అది బొమ్మల జాబితా కాదు, యాప్. ఆ సంగతి అన్నకు తెలిసే దారి లేదు. నొక్కాడు. ఫోను ఏవో అనుమతుల పట్టీ చూపించింది. హెచ్చరికలు దాటడం అలవాటైన వేలు దాన్నీ దాటింది. అడ్వాన్సు వెయ్యడానికని అడిగితే కార్డు నంబరు కూడా నింపాడు.

ఆ యాప్ వచ్చిన ఎస్సెమ్మెస్సులన్నీ చదివి బయటికి పంపేది. పావుగంటలో మూడు ఓటీపీలు వచ్చాయి, మూడూ దొంగకు చేరాయి. రంగులకని, పనివాళ్ల కూలికని దాచిన ముప్పై ఎనిమిది వేలు పోయాయి.

పక్కగదిలో బొమ్మలకు రంగులేస్తున్న అన్న కోడలు గమనించింది. కుంచె పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది. తర్వాత బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించింది. ఆలస్యం చెయ్యలేదు కాబట్టి కొంత సొమ్ము దారిలోనే ఆగింది. మిగతాది పోయింది.

తెల్లారేసరికి తమ్ముడు వచ్చాడు. "అదే మెసేజ్ నాకూ వచ్చిందన్నయ్యా. నొక్కాను కూడా. నా ఫోను ఎర్రగా హెచ్చరించి ఆపేసింది. కొత్తది కొనుక్కో, కొనుక్కో అని ఎన్నాళ్ల నుంచి మొత్తుకుంటున్నాను?"

అన్న తల ఎత్తలేదు. కోడలే మాట్లాడింది. "చిన్నమావయ్యా, మీ సొరుగు ఒకసారి తెరుస్తారా?"

సొరుగులో మూడు ఫోన్లున్నాయి. ఒక్కొక్కటీ ఛార్జింగ్ పెట్టి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కి, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ పైకి చదివింది. మొదటిదానికి అప్‌డేట్లు ఆగి రెండేళ్లయింది. రెండోదీ ఆగిపోయిందే. మూడోది తమ్ముడు రెండేళ్లు వాడి పక్కన పడేసింది. వైఫై తగలగానే అప్‌డేట్ అడిగి, ఎక్కించుకుని, కిందటి నెల తేదీ చూపించింది. తర్వాత అన్న ఫోను తీసి చదివింది. ఆగస్టు 2017.

"మావయ్యగారూ, ఇది ఎనిమిదేళ్లుగా తలుపు తీసే ఉంది. చిన్నమావయ్యా, నిన్న రాత్రి మీ కొత్త ఫోను ఆపినదాన్ని ఈ మూడోది కూడా ఆపేది. దీన్ని సొరుగులో వేసి మీరు వాయిదాలు కడుతున్నారు."

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

"వాడు వదిలేసింది నేను వాడాలా?" అన్నాడు చివరికి అన్న. అయినా చేయి చాపి తీసుకున్నాడు. వెనకా ముందూ తిప్పి చూశాడు, ఎవరో తెచ్చిన విరిగిన బొమ్మను చూసినట్టే. "ఊరికే తీసుకోను. అటక మీద పొణికి ఉంది. దీని విలువకి తగ్గట్టు పట్టుకెళ్లు."

తమ్ముడు ఆ మధ్యాహ్నమే కర్ర దించుకున్నాడు. కోడలు విజయవాడ వెళ్లి మూడో ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించింది. అన్న పాత ఫోనులోంచి సిమ్ తీసేసి, బ్యాంకు యాప్ తుడిచేసి, నెట్ ఆపేసింది. ఇప్పుడు అది చెక్కుడుబల్ల పక్కన ఉంటుంది. పాత బొమ్మల ఫొటోలు చూసుకోవడానికి మాత్రమే.

నీతి

నీతి చెప్పేముందు అన్న మాటలోని న్యాయాన్ని ఒప్పుకోవాలి. పనికొచ్చే వస్తువును పారేయకూడదన్నది మంచి బుద్ధి. స్మార్ట్‌ఫోను తన జీవితకాలంలో వాతావరణానికి చేసే హానిలో ఎక్కువ భాగం తయారీలోనే జరిగిపోతుంది, మనం ఛార్జింగ్ పెట్టుకునే కరెంటు వాటా తక్కువ. ఒక ఫోనును రెండేళ్ల బదులు ఆరేళ్లు వాడినవాడు భూమికి మేలు చేసినట్టే. తమ్ముడి సొరుగులో పడున్న లిథియం, కోబాల్టు ఎక్కడో గని తవ్వి తీసినవి. ఆ లెక్కన అన్నే పెద్దమనిషి.

ఆయన పొరబడింది ఒక్కచోట. ఫోనును బొమ్మ అనుకున్నాడు. బొమ్మ అమ్ముడుపోయిన రోజునే చేసినవాడి నుంచి విడిపోతుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ కళాకారుడు లేకపోయినా ఏనుగు నిలబడే ఉంటుంది. ఫోను అలా విడిపోదు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఎప్పటికప్పుడు బయటపడుతూ ఉంటాయి, చేసినవాడు వాటిని పూడుస్తూ ఉండాలి. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఫోను యజమాని ఏమీ నొక్కకపోయినా, ఒక్క ఎమ్మెమ్మెస్‌తో ఫోనులోకి చొరబడే వీలుందని అప్పుడు లోకానికి తెలిసింది. ఆ ఆగస్టు నుంచే గూగుల్ ఆండ్రాయిడ్ లోపాల జాబితాను నెలనెలా ప్రకటించడం మొదలుపెట్టింది. అప్‌డేట్ వచ్చే ఫోనుకు ఆ జాబితా రక్షణ. రాని ఫోనుకు అదే జాబితా దొంగ చేతికిచ్చిన చిరునామా. అందుకే అప్‌డేట్లు ఆగిన ఫోను ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తున్నా, నెలనెలా కొంచెం కొంచెం బలహీనపడుతుంది. బ్యాటరీ మార్చినా, అద్దం మార్చినా ఆ బలహీనత పోదు.

అన్నకు అలవాటైపోయిన ఆ హెచ్చరిక సంగతీ ఇదే. ఏ సైటును నమ్మాలో చెప్పే ధ్రువీకరణ సంస్థల పట్టీ ప్రతి ఫోనులోనూ ఉంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ కోట్ల సైట్లకు ఉచితంగా ధ్రువపత్రాలిస్తుంది. దాని మూల ధ్రువపత్రం ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్ల పట్టీలో లేదు. పాత ఫోన్ల కోసం చేసిన తాత్కాలిక ఏర్పాటు గడువు 2024లో తీరిపోయింది. దాంతో మంచి సైట్లు కూడా ఆ ఫోన్లకు దొంగ సైట్లలా కనిపిస్తాయి. మంచివాటికీ చెడ్డవాటికీ ఒకే హెచ్చరిక చూపించే ఫోను, హెచ్చరికలను పట్టించుకోవద్దని మనకు నేర్పుతోందన్నమాట. ఇంతకంటే చెడ్డ అలవాటు ఇంకేముంది?

'అన్‌నోన్ సోర్సెస్' స్విచ్ కూడా పాత ఫోన్లలో ఒక్కటే. ఒకసారి వేస్తే ఏ యాప్ ద్వారా వచ్చినదైనా ఎక్కేస్తుంది. ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో యాప్‌కూ విడిగా అనుమతివ్వాలి. అనుమతులన్నీ ఒక్క నొక్కుతో రాబట్టే పాత పద్ధతి యాప్‌లను 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 ఎక్కనివ్వదు కూడా. ఏపీకే ఫైలు పంపి డబ్బు కాజేసే మోసాలు పెళ్లిపత్రిక పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో మన ఊళ్లన్నిటా తిరుగుతున్నాయి. కొత్త ఫోనున్నవాళ్లూ మోసపోతున్నారు, అది నిజమే. కానీ వాళ్ల ఫోను కనీసం ఒకటికి రెండుసార్లు అడ్డుపడుతుంది.

తమ్ముడి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆయన్ను కాపాడింది కొత్తదనం కాదు, నెలనెలా వచ్చే మరమ్మతు. అది సొరుగులోని ఫోనుకూ వస్తూనే ఉంది. మన ఇళ్లలో ఎన్ని సొరుగుల్లో ఇలాంటి ఫోన్లు పడున్నాయో తెరిచి చూడాలి. అమ్మకో, నాన్నకో ఇవ్వాలనుకుంటే ముందు ఆ తేదీ చదవండి. ఈమధ్యదైతే నిస్సంకోచంగా ఇవ్వండి, బ్యాటరీ మార్చి ఇవ్వండి. ఏడాది దాటిందంటే దాని మీద బ్యాంకు పని చెయ్యనివ్వకండి. వేరే ఫోను కొనే డబ్బు లేనివాళ్లకు ఇంకో దారుంది. 2022 మార్చిలో మొదలైన యూపీఐ 123పే బటన్ల ఫోనులో పనిచేస్తుంది. అప్‌డేట్లు ఆగిన స్మార్ట్‌ఫోను కంటే మామూలు బటన్ల ఫోనే డబ్బుకు భద్రం.

అయితే ఈ నీతి మొత్తాన్ని అన్న నెత్తిన వెయ్యడం నాకు ఇష్టం లేదు. 2016లో కొన్న ఫోనుకు 2017లో చివరి అప్‌డేట్ ఇచ్చి చేతులు దులుపుకున్నవాళ్లను ఎవరడిగారు? ఆ ఫోను ఇంకా మోగుతోంది, ఫొటో తీస్తోంది, దాని సామాను ఎక్కడా చెడలేదు. చెడింది చేసినవాడి మాట. ఇంకా బాధేమిటంటే అప్‌డేట్ల ఆయుష్షు ధరను బట్టి ఉంటోంది. 2023 అక్టోబరులో పిక్సెల్ 8కీ, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కీ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని మాట ఇచ్చారు. అవి ఖరీదైన ఫోన్లు. ఎనిమిది, పదివేలు పెట్టి కొనే ఫోనుకు చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు. కొత్తది కొనే స్తోమత లేనివాడికే త్వరగా గడువు తీరే ఫోను అమ్ముతున్నారు. పోయిన డబ్బు తిరిగి సంపాదించడానికి నెలలు పట్టేది కూడా అతనికే.

దీన్ని మార్చవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి నియమం అమల్లో ఉంది. ఒక మోడల్ అమ్మకాలు ఆపిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందాలి, ధర ఎంతైనా సరే. విడిభాగాలు ఏడేళ్లు దొరకాలి. మన దేశంలో 2025 మేలో ఒక కమిటీ ఫోన్ల మరమ్మతు సౌలభ్యానికి సూచీ ఉండాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు నివేదిక ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను కూడా అందులో లెక్కలోకి తీసుకోవాలంది. మంచి అడుగే. కానీ కొండపల్లి అన్న సూచీలు వెతుక్కుని ఫోను కొనడు. షాపులో పెట్టె చేతిలోకి తీసుకుని ధర చూస్తాడు. ఎమ్మార్పీ ముద్రించడం తప్పనిసరి కాబట్టి ఆ ధర అక్కడ ఉంటుంది. దాని పక్కనే, అంతే పెద్ద అంకెల్లో, ఈ ఫోనుకు భద్రతా అప్‌డేట్లు ఆగే నెల, సంవత్సరం ముద్రించాలి. తెలుగులో ముద్రించాలి.