నియమం నాది, నష్టం టీమ్‌ది

వ్రతాల గురించి మాట్లాడిన ప్రతిసారీ మన వయసు వాళ్ల దగ్గర ఒక ప్రశ్న వస్తుంది. నా నియమం వల్ల పక్కవాళ్లకి నష్టం వస్తుంటే, అప్పుడు కూడా పాటించాలా? నాకైతే దీనికి వెంటనే గుర్తొచ్చేది ఒక అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడు, శాండీ కౌఫాక్స్.

కౌఫాక్స్ లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ పిచ్చర్. పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడే, కాకపోతే మ్యాచ్ దాదాపు మొత్తం అతని చేతి మీదే నడుస్తుంది. మొదటి ఆరేళ్లలో 36 గెలుపులు, 40 ఓటములు. 1961 నుంచి మాత్రం అతన్ని ఆపినవాళ్లు తక్కువ. 1965లో ఒక్క సీజన్‌లోనే 382 స్ట్రైకౌట్లు!

ఆ ఏడాదే డాడ్జర్స్ ఫైనల్‌కి, అంటే వరల్డ్ సిరీస్‌కి వెళ్లారు. ఏడు మ్యాచ్‌లలో నాలుగు గెలవాలి. మొదటి మ్యాచ్ అక్టోబర్ 6న పడింది. అదే రోజు యోమ్ కిప్పుర్. యూదులు ఉపవాసం ఉండి, పని మానేసి, చేసిన తప్పులకి క్షమాపణ కోరుకునే రోజు. కౌఫాక్స్ యూదుడు. ఆ రోజు ఆడనన్నాడు. అతని బదులు డాన్ డ్రైస్‌డేల్ వచ్చాడు, మూడు ఇన్నింగ్స్ కూడా నిలబడలేదు. మిన్నెసోటా ట్విన్స్ 8-2తో గెలిచారు.

ఇక్కడ రెండు మాటలు. కౌఫాక్స్ రోజూ నిష్ఠగా ఉండే మనిషేం కాదు. "మిగతావేవీ చెయ్యనివాడికి ఈ ఒక్కటీ ఎందుకు?" అని మనల్నీ అంటారు కదా, శివరాత్రికి లీవ్ అడిగితే. నేను ఒప్పుకోను. పది వదిలేశాం కాబట్టి పదకొండోదీ వదిలెయ్యాలన్న లాజిక్ ఏ కంపైలరూ పాస్ చెయ్యదు.

రెండోది కష్టమైనది. ఓటమి డ్రైస్‌డేల్ ఖాతాలో పడింది. "దేవుడి కోసం మానేశాడు, దేవుడే గెలిపించాడు" అని చెప్పేస్తే కథ బావుంటుంది కానీ, మర్నాడు రెండో మ్యాచ్ ఆడి కౌఫాక్సే ఓడిపోయాడు. అంటే బేరమేమీ కుదరలేదన్నమాట. నియమం పాటించడం మన హక్కే. కానీ దాని బరువు మోసిన మనిషి ఒకడున్నాడని మర్చిపోతే, అది భక్తి కాదు, సౌకర్యం. రిలీజ్ రోజున మన పని ఎవరి నెత్తిన పడిందో కనీసం తెలిసుండాలి.

కౌఫాక్స్ అయిదో మ్యాచ్‌లో ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా గెలిపించాడు. ఆ తర్వాత సిరీస్ 3-3 అయింది. అక్టోబర్ 14, ఆఖరి మ్యాచ్. వరస ప్రకారం అది డ్రైస్‌డేల్ వంతు. కౌఫాక్స్‌కి మధ్యలో దొరికిన విశ్రాంతి రెండే రోజులు, ఎడమ మోచేతికి ఆర్థరైటిస్. ఆ చేతితోనే మరుసటి ఏడాది 27 గెలిచి, 30 ఏళ్లకే రిటైరయ్యాడు. అయినా మేనేజర్ వాల్టర్ ఆల్‌స్టన్ అతన్నే పంపాడు. ఆ రోజు బంతి సరిగ్గా వంపు తిరగలేదు. దాదాపు ఫాస్ట్‌బాల్స్‌తోనే తొమ్మిది ఇన్నింగ్స్ వేశాడు. స్కోరు 2-0.