గడియ ఏ వైపు ఉంది?

ఇంగ్లండు కాలువల్లో పడవనే ఇల్లు చేసుకుని, అందులోనే వెండి నగలు తయారుచేసి, ఆగిన చోటల్లా అమ్ముకుంటూ బతికే జంటలు ఉన్నారు. పడవ వెడల్పు ఏడడుగుల లోపే. పాత లాకులు అంతకంటే వెడల్పైనదాన్ని పోనివ్వవు. సొంత రేవు లేని పడవ ఒకేచోట 14 రోజులకు మించి ఆగకూడదని 1995 నాటి చట్టం చెబుతుంది. అంటే రెండు వారాలకోసారి ఇల్లే కదలాలి. మంచం మడిస్తే బల్ల, బల్ల మీద పట్టకారు, చిన్న సుత్తి, టంకం. ఇదీ వాళ్ళ సంసారం.

ఈఎమ్ఐలు కట్టే నాలాంటి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు ఈ బతుకు చూస్తే అసూయ కలగడం సహజం. "ఎంత స్వేచ్ఛ!" అనేస్తాం. ఆ మాట దగ్గరే నాకు ఇబ్బంది. ఇంతే వెండి, ఇంతే చిన్న గది, ఇంతే అనిశ్చితమైన రాబడి మన దగ్గర ఒక అవుసులాయనకు ఉంటే మనం స్వేచ్ఛ అనం, పాపం అంటాం. రెండు చోట్లా చేతులు చేసే పని ఒకటే. మరి మాట ఎందుకు మారుతోంది?

అమర్త్య సేన్ దీనికి ఒక ఉదాహరణ ఇస్తాడు. ఉపవాసం ఉన్నవాడూ, తిండి దొరకనివాడూ ఇద్దరూ ఆకలితోనే ఉంటారు. కడుపులో తేడా లేదు. కానీ మొదటివాడు కావాలనుకుంటే తినగలడు. కాబట్టి మనిషి ఎలా బతుకుతున్నాడన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఇంకెలా బతకగలిగేవాడన్నదీ చూడాలి. ఈ లెక్కన పడవ జంటది ఉపవాసం, అవుసులాయనది పస్తు.

లెక్క తేలిపోయినట్టే ఉంది. కానీ అవే కాలువల చరిత్ర చూస్తే అంత తేలిగ్గా తేలదు. పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్ళు వచ్చి సరుకు రవాణా పోటీ పెరిగాక, చాలామంది పడవవాళ్ళు ఒడ్డున ఇంటి అద్దె కట్టలేక, కూలి మనిషిని పెట్టుకోలేక, పెళ్ళాం పిల్లల్ని పడవెక్కించారు. సుమారు పదడుగుల గదిలో కుటుంబమంతా. పిల్లలకు బడి లేదు. జార్జ్ స్మిత్ అనే ఆయన పోరాడితే 1877లోనూ, 1884లోనూ చట్టాలు వచ్చాయి. ఆ ఇరుకు గదుల గోడల మీదే వాళ్ళు గులాబీలు, కోటలు రంగుల్లో వేసుకున్నారు. ఇవాళ సరదాగా పడవ కొనుక్కునేవాళ్ళు ముచ్చటపడి వేయించుకునేది ఆ బొమ్మలనే. గతిలేనివాడి కళ గతి ఉన్నవాడికి అలంకారమైంది. అట్లని ఆ కళ తక్కువదా? కాదు. ఎంపిక లేని బతుకులోనూ మనిషి తన పనిలో కొంత ఎంచుకుంటాడు. ఏ రంగు, ఏ రేకు, ఎంత వంపు అన్నది అతని ఇష్టమే.

కరీంనగర్ వెండి తీగపనిలోనూ అంతే. వెండిని కమ్మచ్చులోంచి సన్నగా లాగి, రెండు పోగులు మెలివేసి, చట్రంలో ఆకులూ మెలికలుగా ఒదిగించి అతుకుతారు. ఆ మెలిక దగ్గర కూర్చున్న మనిషిని "పాపం" అనడం అతన్ని తక్కువ చేయడమే. "ఎంత స్వేచ్ఛ" అనడం అతని మజూరి ఎంతో అడక్కుండా తప్పించుకోవడం.

మాది మెండోర. మా మండలంలోని పోచంపాడు దగ్గరే 1963 జులై 26న నెహ్రూ శ్రీరాంసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అక్కడ మొదలైన కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు పోతుంది. మా కాలువలో పడవలుండవు, పొలాలకు నీళ్ళు పోతాయి. మా పసుపు పండేది ఆ నీళ్ళ వల్లనే. ఆ నీళ్ళు నిలబడడానికే ఎన్నో ఊళ్ళు మునిగాయి. ఇల్లు వదలడమన్నది మా దగ్గర వాళ్ళకు తెలుసు, కాకపోతే ఎవరూ ముచ్చటపడి వదల్లేదు. తర్వాత గల్ఫ్ వచ్చింది. మగాయన వీసా కోసం ఆడామె మెడలోది కుదువకు పోవుడు మా దిక్కు కొత్త ముచ్చట కాదు. నగ చేసుకుంటూ తిరగడం ఒకటి, నగ కుదువపెట్టి వెళ్ళిపోవడం ఇంకొకటి.

"ఉద్యోగం వదిలేసి ఊర్ల ఉందామా? చేతితోని చేసే పనేదన్న నేర్చుకుందాం" అని ఈ మధ్య మా ఇంట్లో అన్నాను. మా ఆవిడ వెంటనే వద్దనలేదు. "రూము ఎంత చిన్నదైనా ఫర్వాలేదు గానీ, గడియ లోపల దిక్కు ఉండాలె. నాకు బుద్ధి పుట్టినప్పుడు నేను తీసుకోవాలె" అంది.

సేన్ ఉదాహరణలో ఉపవాసం చేసేది ఒక్కడే. సంసారంలో ఇద్దరు. ఒకరి ఉపవాసం ఇంకొకరికి పస్తు కావచ్చు. "జంటగా ఎంచుకున్నారు" అన్నప్పుడు ఆ జంటలో ఎవరు ఎంచుకున్నారు, ఎవరు సరే అన్నారు అని అడగాలి. పిల్లలుంటే వాళ్ళనెవరూ అడిగి ఉండరు. ఆ పాత పడవల్లో పుట్టిన పిల్లలకు గడియ బయట నుంచే పడింది. వాళ్ళ అయ్య కూడా తనకు గతిలేకనే వేశాడు.

తక్కువతో బతకడంలో గొప్పతనం ఆ తక్కువలో లేదని ఇప్పుడు నా అభిప్రాయం. జబ్బు చేస్తే ఒడ్డెక్కగలరా? ఇద్దరిలో ఒకరికి చాలనిపిస్తే, రెండోవాళ్ళు పడవ ఆపుతారా? వీటికి అవుననగలిగితే ఏడడుగుల పడవ కూడా విశాలమే. లేకపోతే ఐదు గదుల ఫ్లాటూ ఇరుకే. మా ఇంట్లో ఈ సంగతి ఇంకా తేలలేదు. తేల్చేది నేనొక్కణ్ణే కాదన్నంత వరకు మాత్రం తేలింది.